నా నోటితో చదివిన కాగితం

చిరంజీవి సాయిచంద్‌కు అక్క ప్రవళిక దీవెనలు. ఇక్కడ అవ్వ, నేను కులాసా. నువ్వూ కులాసా అని తలుస్తున్నానని రాయాలి. నీ ఉత్తరం విన్నాక ఆ మాట రాయబుద్ధి కావడం లేదు.

గల్ఫ్ నుంచి ఓంప్రకాశ్ సెలవు మీద పెద్దపల్లికి వచ్చిన రోజే నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. కారు తోలడానికి పోయిన నిన్ను ఎడారిలో గొర్రెల వెంట తిప్పుతున్నారని, ఫోను కూడా గుంజుకున్నారని చెప్పాడు. అవ్వకు, కన్నతల్లి కదా, గొర్రెల సంగతి చెప్పలేదు. ఆమె మోకాళ్ల నొప్పి అడిగావు, కాస్త నయం. నీ పాత చొక్కాలు వారానికోసారి ఉతికి ఆరేస్తోంది. వద్దంటే నామీద లేస్తుంది.

అగ్రిమెంటు మళ్లీ చదివి, ఎప్పుడు రావచ్చో చెప్పమన్నావు. నేను చదవలేదురా. మన బడి శ్యాంసుందర్ సారుతో చదివించాను. మూడేళ్ల దాకా రాలేవట. అందులో డ్రైవర్ అన్న మాటే లేదట. గొర్రెల కాపరి అని రెండు చోట్ల ఉందట. ఆ రెండు చోట్లా నువ్వు సంతకం పెట్టిన రోజు నేనే పైకి చదివాను.

నాకు మూడేళ్లప్పుడు పకోడీల పొట్లం కాగితం చదివానని ఊరంతా మురిసింది కదా. ఆ పేరు మీదే ఇప్పుడు నాతో చదివించుకోనిదే గల్ఫ్ పోయేవాళ్లెవరూ సంతకం పెట్టరు. ఆ ఇంగ్లీషంతా నేను గడగడా చదువుతాను, వాళ్లు తలాడిస్తారు. ఏముందని ఎవరూ అడగరు. అడిగితే చెప్పలేను. నీ ఉత్తరంలో ఏముందో కూడా సారే చదివి విడమరిచి చెప్పాడు.

నెల కింద ఒక్కదాన్నే కరీంనగర్ పోయి డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన చిన్న తెలుగు కథ ఇచ్చాడు. తప్పు లేకుండా చదివాను. “ఏం జరిగిందమ్మా ఇందులో?” అంటే, మళ్లీ మొదటి నుంచి అదే కథ అప్పజెప్పాను. పుట్టుకతోనే నా బుర్ర తీరు అంతట. నా మాట వింటే ఎవరూ కనిపెట్టలేరట.

చదివింది నాకు అర్థం కాదని నాకు మాత్రం ముందే తెలుసు. నువ్వు పెన్ను పట్టుకుని, “మంచిగున్నదా అక్కా? పెట్టాల్నా సంతకం?” అన్నావు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. చుట్టూ పదిమంది నా మొహమే చూస్తున్నారు. “మంచిగున్నది, పెట్టు” అన్నాను. తెలియదనడానికి సిగ్గేసింది. నీకంటే నా పేరే నాకు ఎక్కువైందిరా.

“మా పిల్ల ఒక్క కాయితం రాస్తె చాలు, నా కొడుకును పంపిస్తరు” అని, మూడేళ్ల మాట విన్న అవ్వ వాడంతా చెప్పుకుంటోంది. ఎవరికి ఏమని రాయాలో తెలియక రాసింది రాసినట్టే చింపేస్తున్నాను. సారు అక్కడి మన ఎంబసీకి ఒకటి రాసి పంపాడు. ఇంకా జవాబు లేదు.

నిన్న కైలాసం అన్న తన గల్ఫ్ కాగితాలు పట్టుకొచ్చాడు. “నాకు సదువుడే వస్తది, సమజ్ కాదన్నా. సారు దగ్గరికి పో” అన్నాను.

ఆయన నవ్వాడు. “బాగ తెలిసినోళ్లు గట్లనే అంటరు చెల్లె.” కాగితాలు నా ముందు పెట్టాడు. నేను ముట్టుకోలేదు. ఒట్టేసి చెప్పాను, ఏడ్చాను.

“తప్పుంటె నువ్వు ఊకుంటవా?” అని నా ఎదుటే సంతకం పెట్టి పోయాడు.

నువ్వైనా నమ్మురా. నమ్మి, నన్ను తిట్టు.

ఇట్లు,
నీ చేత సంతకం పెట్టించిన అక్క,
ప్రవళిక