అజ్జ గెస్సరేతు

మార్చి 3, సోమవారం

బటన్ పెట్టాలట. సాల్వ్ బటన్! మా గేములో సైఫర్, అదే రహస్య లిపి పజిల్, తెరమీద కనిపించిన ముప్పై సెకన్లకి మూలన మెరవాలట, నొక్కగానే జవాబు పడిపోవాలట. ప్లేయర్ ఆడటానికొస్తాడు గానీ ఆలోచించడానికి కాదని బాస్ సెలవిచ్చాడు. మీటింగులో అందరూ గంగిరెద్దుల్లా తలలూపారు. మరి పజిల్ డిజైనర్ అని నన్నెందుకు పెట్టుకున్నట్టు?

ఒళ్ళు మండిపోతోంది. ఆ రూములో ఏసీ నీళ్ళు కూడా నా కుర్చీ మీదే కారతాయి.

మార్చి 4, మంగళవారం

అక్షరాల బదులు త్రికోణాలూ చుక్కలూ పెట్టడం ఎవరైనా చేస్తారు. చూస్తే లెక్కల పరీక్షలా ఉంటుంది. నేను హల్లుల్ని మాత్రమే మారుస్తాను. చ బదులు గ, ప బదులు స, అలా. గుణింతం, ఒత్తు ఎక్కడివక్కడే. అర్థం పోతుంది గానీ నోరు తెలుగులాగే తిరుగుతుంది. ప్లేయర్ పైకి చదువుతాడు, నవ్వుకుంటాడు, మళ్ళీ చదువుతాడు. ఆ నవ్వు రాకపోతే పజిల్ దేనికి?

గేము ఆఖరి గదిలో గోడమీద రాత ఇవాళ కుదిరింది.

అజ్జ గెస్సరేతు, సెమ్మెరో గూకు.

"రేతు"ని పట్టుకుంటే "లేదు" తడుతుంది. ల దొరికింది కాబట్టి "రో" అంటే "లో". గదిలో పెట్టె ఎదురుగానే ఉంటుంది. మొత్తం విప్పితే: అమ్మ చెప్పలేదు, పెట్టెలో చూడు.

ఈ లైను ఎక్కణ్ణించి వచ్చిందో ఆఫీసులో చెప్పను. ఇక్కడ రాసుకోవచ్చు. పోయిన జూన్‌లో అమ్మ ట్రంకుపెట్టెలో దుప్పటి వెతుకుతుంటే ఒక ఉత్తరం దొరికింది. నాకు డిజైన్ కాలేజీలో సీటిచ్చామని. పన్నెండేళ్ళ కిందటిది. కవరు చింపి ఉంది. సీటు రాలేదనుకుని ఆ ఏడాదంతా ఏడ్చినదాన్ని నేను! ఎందుకు దాచావని నిలదీస్తే అమ్మ పెట్టె మూత వేసేసింది, అంతే. ఆ రోజునుంచి మా మధ్య మాటల్లేవు. తొమ్మిది నెలలు. కనీసం గోడమీదైనా ఆ మాట అనాలి కదా.

మార్చి 6, గురువారం

గేములో తప్పులు పట్టే మా టెస్టర్‌ని భూతద్దం గారంటాం. ఇదివరకు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. ఇవాళ నా లైనులో తప్పుందని బగ్ వేశారు. మొదటి మాటకి జవాబు ఒకటి కాదట. అందులోని జ మిగతా వాక్యంలో ఎక్కడా లేదు కాబట్టి అది అమ్మ కావచ్చు, అక్క, అన్న, అత్త, అవ్వ, ఎవరైనా కావచ్చట. మన చుట్టాలందర్నీ ఒకే అచ్చులో పోశారు, నేనేం చెయ్యనమ్మా అన్నారు. మ ఉన్న మాట ఇంకోటి తగిలిస్తే సరిపోతుందని సలహా కూడా.

ఆయన చెప్పింది నిజం. అందుకే మరీ చిర్రెత్తుకొచ్చింది. రెండు జవాబులున్న సైఫర్ చెల్లదని కొత్తవాళ్ళకి నేర్పేది నేనే. కానీ అ తర్వాత ఒత్తు కనిపిస్తే ఎవరికైనా ముందు తట్టేది అమ్మ కాదూ? ఒక్క అక్షరం కూడా మార్చను. మనుషులతో విప్పించి రుజువు చేస్తాను. బాస్ వచ్చే శుక్రవారం దాకా గడువిచ్చాడు. అప్పటికి తేలకపోతే లైను తీసేసి, ఆ గదికి తాళంచెవి బొమ్మ పెడతాడట.

మార్చి 7, శుక్రవారం

మా ఆయనకిచ్చాను. పది నిమిషాలు చూసి, బటన్ లేదా అని అడిగాడు.

మార్చి 8, శనివారం

అత్తయ్య విప్పేశారు! కూరలు తరుగుతూ, నలభై నిమిషాల్లో. మధ్యలో గెస్సరేతు గూకు అని రాగం కూడా తీశారు. నా ఆనందం కాగితం చూసేదాకానే. "అత్త చెప్పలేదు, పెట్టెలో చూడు." నీకు నేనేం చెప్పలేదమ్మా అని మొహం మాడ్చుకున్నారు. బీరువా తాళాలు తెచ్చి నా ముందు పెట్టారు. ఇది ఆటండీ అని బతిమాలుకునేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మార్చి 9, ఆదివారం, సాయంత్రం 5

అక్క వచ్చింది, ప్రతి ఆదివారంలాగే. కాగితం ఇచ్చాను. ఇలాంటివాటిలో నాకంటే దిట్ట. పది నిమిషాల్లో మొత్తం నింపేసి పెన్సిల్ ఆపేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

నీకెవరు చెప్పారని అడిగింది.

కాగితం లాక్కుని చూశాను. "అక్క చెప్పలేదు, పెట్టెలో చూడు."

5.50

వెళ్ళిపోయింది. చెప్పినదంతా ఇక్కడ రాస్తాను.

ఆ కాలేజీకి ఇద్దరం అప్లై చేశాం. ఉత్తరం నాకొక్కదానికే వచ్చింది. పోస్టు అక్క చేతికందింది. రెండ్రోజులే దాద్దామనుకుందట, తన ఏడుపు తగ్గేదాకా. రెండ్రోజులు రెండు వారాలయ్యాయి, చేరే తేదీ దాటిపోయింది. తర్వాత అది అమ్మకి అక్క పుస్తకాల్లో దొరికింది. అమ్మ తీసుకెళ్ళి తన పెట్టెలో పెట్టేసుకుని, ఈ మాట చెల్లెలి దగ్గర ఎత్తితే ఇద్దరూ విడిపోతారని అక్క నోరు కట్టేసిందట.

సరే, అప్పుడు చిన్నది. ఈ తొమ్మిది నెలల సంగతేంటి? ప్రతి ఆదివారం నా ఎదురుగా కూర్చుని టీ తాగింది. అమ్మతో అలా ఉండకూడదని నాకే నీతులు చెప్పింది! నేను అమ్మని తిడుతుంటే బిస్కట్ ముంచుకుంది!

అమ్మ మీదా కోపమే. ఎవరు మొయ్యమన్నారు ఆ నింద? నేను నానా మాటలూ అంటుంటే ఒక్కసారి, ఒక్కసారైనా కాదనొచ్చు కదా. అన్ని మాటలన్న నా నోరు పడిపోను.

మార్చి 14, శుక్రవారం

లైను మార్చలేదు. జవాబులన్నీ ఒప్పుకునేలా చేశాను. ఎవర్ని రాసినా పెట్టె తెరుచుకుంటుంది. అందులో ఉత్తరం మాత్రం ఒకటే. భూతద్దం గారు బగ్ మూసేశారు. బాస్ మల్టిపుల్ ఆన్సర్స్ అని గంతులేసి, ఐడియా తనదేనని అందరికీ మెయిల్ కొట్టాడు. సిగ్గులేని మనిషి. అయితే ఏ జవాబు చూపించాలో బటన్‌కి తెలియదు కాబట్టి ఆ గదిలో బటన్ లేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మ దగ్గరికెళ్ళాను. కాగితం ఇచ్చాను.

మొదటి మాటలోనే మ వేసింది.

తప్పు, అది అక్క అన్నాను. చెరపనంది.