ఇంకా తేలికైన కర్ర

విశాఖపట్నం,
జూలై 2005

నీళ్ల మీద తిరిగే నా మనిషికి,

డర్బన్ నుంచి మీరు రాసిన ఉత్తరం కంపెనీ ఆఫీసు వాళ్లు నిన్న పంపించారు. చీఫ్ ఇంజనీరుగా మొదటి ప్రయాణం కదా, ఇంజన్ రూంలో అందరూ మీ మొహంకేసి చూస్తుంటే మీకెలా ఉంటుందో ఊహించుకుని, పోర్టు ఆఫీసులో ఫైళ్ల మధ్య ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఇన్నేళ్లూ ఆ కుర్చీ కోసం ఎంత ఎదురుచూశారో నాకు తెలుసు. అందులో దర్జాగా కూర్చోండి.

ఇక నా గోల్ఫ్ గోల. మీరున్నప్పుడు నాలుగో నంబరు ఐరన్‌తో బంతిని క్లబ్బు మధ్య పారే గెడ్డ నీళ్లు దాటించేదాన్ని, గుర్తుందా? ఇప్పుడది నా మాట వినడం లేదు. బంతి పైకి లేవకుండా గడ్డిలో ఎలకలా పరిగెత్తి గెడ్డకు ఈవలే ఆగిపోతోంది. ఆదివారం చందన చూసి చూసి విసుక్కుంది. అదే, స్టీల్ ప్లాంటులో ఇంజనీరు హరిచందన. మీరు వెళ్లాక నాతో ఆడే తోడు అదొక్కతే.

"అక్కా, ఆ ఐరన్ ఇంకా ఏటికి మోస్తన్నావ్? అది టీవీలో ఆడేవోళ్లకి. మనలాగ ఆదివారాలు ఆడేవోళ్లకి ఉడ్డో, హైబ్రిడ్డో ఉండాల" అంది.

నా గోల ఫోన్లో విని మీరు ఐదో నంబరు ఉడ్ కొనమన్నారు కదా. సరే అని వన్ టౌన్‌లో జాకీర్ భాయ్ కొట్టుకి వెళ్లాను. క్రికెట్ బ్యాట్లూ క్యారమ్ బోర్డుల వెనకాల, ఓడల వాళ్లు తెచ్చి అమ్ముకున్న గోల్ఫ్ సెట్లు ఇప్పటికీ అలాగే నిలబెట్టి ఉన్నాయి. ఉడ్ అని పేరేగానీ ఇప్పుడు దాని తల మొత్తం లోహమే. చేత్తో పట్టుకుని ఊపితే కర్ర పొడుగు నాకు మరీ ఎక్కువనిపించింది.

"మేడమ్, సార్ చెప్పింది తప్పు కాదు. మంచి పచ్చిక మీద ఫైవ్ ఉడ్ బెమ్మాండంగా పోతాది. మన దగ్గర గడ్డి పల్చన, నేల గట్టి. పొడుగు కర్రతో కొట్టేరంటే ముందర నేల తగులుతాది" అని, ఇంకోటి తీసి నా చేతిలో పెట్టాడు. "ఇది హైబ్రిడ్. ఉడ్డుకీ ఐరన్‌కీ పెళ్లి చేస్తే పుట్టిన పిల్ల. దిమ్మ వాళ్లమ్మది, కర్ర వాళ్ల నాన్నది."

మీ మాట కాదని పిల్లనే తెచ్చుకున్నాను. కోప్పడకండి. పొద్దున్న మొదటి దెబ్బకే బంతి లేచి, గెడ్డ దాటి, అవతల గట్టు మీద మెత్తగా కూర్చుంది. చందన ఈల వేసింది. నేను మాత్రం, మీరు పక్కన లేరే అని ఒక్క క్షణం కుడివైపు చూశాను. ఎప్పుడూ మీరు అక్కడే నిలబడతారు.

మీ భవాని

*

విశాఖపట్నం,
సెప్టెంబరు 2005

ఏమండీ,

మొన్న ఫోన్లో రెండు మాటలకే కార్డు అయిపోయింది. అందుకే ఉత్తరం.

హైబ్రిడ్ మీద నా మోజు తీరిపోయింది. వాన పడి గడ్డి ఒత్తుగా ఎదిగాక బంతి కింద నుంచి లాగడానికి నా బలం చాలడం లేదు. కొట్టేముందు మీరు చెప్పినవన్నీ తలుచుకుంటాను. భుజం తిప్పాలి, తల ఎత్తకూడదు, పిడికిలి బిగించకూడదు. ఆ చివరిది మాత్రం బాగా పాటిస్తున్నాను. బిగించుదామన్నా బిగియడం లేదు.

మళ్లీ జాకీర్ భాయ్ దగ్గరికే. ఈసారి ఏడో నంబరు ఉడ్ ఇచ్చాడు. బంతికి తగిలే ముఖం బాగా వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి మెల్లగా కొట్టినా బంతి దానంతటదే పైకి లేస్తుందట. కర్ర గ్రాఫైట్‌ది, ఆడవాళ్ల కోసం చేసింది. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టుంది. పిడికి రబ్బరు కూడా మందంగా చుట్టించాడు. "వయసు మీద పడ్డాక మొగోళ్లు కూడా ఇలాంటిదే అడుగుతారు మేడమ్. సిగ్గుపడకండి" అన్నాడు. నలభై ఆరేళ్లకే నన్ను ముసలిదాన్ని చేసేశాడు!

కానీ ఎగిరిందండీ. దూరం తక్కువే, ఎత్తు మాత్రం భలే. ఇంక గెడ్డ విషయంలో బెంగ లేదు.

ఇంటి దగ్గర అంతా మామూలే. పనికొచ్చేటప్పుడు పోతమ్మ జాలరిపేట నుంచి చేపలు తెస్తోంది, తనే కోసిపెడుతోంది. కుక్కర్ మూత బిగుసుకుపోతోందని కొత్తది కొన్నాను. చందన నా చేతికేసి చూసి, బొటనవేలి పక్కన కండ ఏదీ అని అడిగింది. అక్కడ గుంటలా ఉందట. మీరు లేకపోతే తిండి సరిగ్గా తినను కదా, చిక్కి ఉంటానని చెప్పాను.

మీ భవాని

*

విశాఖపట్నం,
నవంబరు 2005

అక్కయ్యా,

కాకినాడకి నేను ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, విషయం ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు. బావగారు ఇంట్లో ఉన్నప్పుడు చదువు.

చందన పోరు పడలేక నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన వేళ్లు చాపమన్నాడు, ముడవమన్నాడు, నాలుక బయటపెట్టమన్నాడు. చేతులకి సూదులు గుచ్చి ఏవో తీగలు తగిలించారు. ఆ తర్వాత, ఎప్పట్నుంచి తేడా తెలుస్తోందని అడిగాడు. ఇంటి పనిలో నేను గమనించుకుంటే కదా! అప్పుడు చందన అందుకుంది.

"గోల్ఫ్ ఆడతాదండి. ఎండాకాలంలో ఫోర్ ఐరన్ ఆగిపోయింది. జూలైలో హైబ్రిడ్‌కి మారింది. అదీ లేవకపోతే సెప్టెంబరులో సెవెన్ ఉడ్. ఇప్పుడదీ గెడ్డ దాటడం లేదు."

డాక్టరు తలెత్తి నాకేసి చూశాడు. ఒక్కొక్కటీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఏ కర్రతో ఎంత దూరం పోయేది, ఎప్పుడు తగ్గింది, కుడిచెయ్యి ముందా ఎడమచెయ్యి ముందా. అక్కయ్యా, నేను ఎంత సంబరంగా కొనుక్కున్నానో వాటిని! ఒక్కో కర్ర ఇంటికి తెచ్చిన రోజు పసిపిల్లలా హాల్లో ఊపి చూసుకునేదాన్ని. అవన్నీ ఆయనకి జబ్బు ఒక్కో మెట్టూ ఎక్కిన గుర్తుల్లా కనిపించాయి. ఆట రాక కాదు, కర్ర మంచిది కాక కాదు. మెదడు పంపే కబురు కండరానికి అందడం లేదట. కబురు రాని కండ ఎండిపోతుందట. ముందు చేతులు, తర్వాత కాళ్లు, మాట, మింగడం, ఊపిరి.

"దీనికి వైద్యం ఏమిటండీ?" అని అడిగాను.

"ఒక మాత్ర ఉందమ్మా. కొన్ని నెలలు ఆలస్యం చేస్తుంది. అంతకు మించి మాటివ్వలేను" అన్నాడు. మంచివాడు. చెప్పేటప్పుడు కాగితాలకేసి కాకుండా నాకేసి చూసి చెప్పాడు. హైదరాబాదులో ఇంకో పెద్దాయనకి కూడా చూపించాం. ఆయనా అదే అన్నాడు.

ఇప్పుడు అసలు మాట. మీ మరిదికి చెప్పను. నువ్వూ చెప్పకూడదు. నా మీద ఒట్టు.

తెలిస్తే ఆయన ఏ రేవులో ఉంటే ఆ రేవులో దిగి వచ్చేస్తారు. ఆ కుర్చీ పోతుంది. వచ్చి మాత్రం చేసేదేముంది? నా పక్కన కూర్చుని నేను కొంచెం కొంచెంగా పోవడం చూడటం తప్ప. అదంతా నువ్వు ఒప్పుకుంటావని తెలుసు. కానీ అది సగమే నిజం. మిగతా సగం నీకొక్కదానికే చెబుతున్నాను. ఆఫీసులో నా సంతకం చూసి జాలిపడుతున్నారు. చందన మొహంలో నవ్వు పోయింది. పోతమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి పెడుతోంది. ఈ లోకంలో నేను బాగున్నాననుకునే మనిషి ఆయనొక్కరే మిగిలారు. ఆయన ఫోన్ చేసి, "ఏడో నంబరు ఎలా పోతోంది భవానీ?" అంటారు. "పిట్టలా పోతోందండీ" అంటాను. ఆ మాట అంటున్నంతసేపూ నాకు ఏ జబ్బూ లేదు. ఆ కాసేపు నాకు కావాలి అక్కయ్యా. దాన్ని నా దగ్గర్నుంచి ఎవరూ తీసుకోవద్దు.

నీ చెల్లెలు,
భవాని

*

విశాఖపట్నం,
జనవరి 2006

ఏమండీ,

ఈ అక్షరాలు చందనవి. నేను చెబుతుంటే అది రాస్తోంది. మధ్యలో ఆపి కళ్లు తుడుచుకుంటోంది కాబట్టి కాగితం ఎక్కడైనా తడిసి ఉంటే ఏమీ అనుకోకండి. నాకు మంచి జబ్బు కాదు. అన్ని కాగితాలూ ఇందులోనే పెట్టించాను. మందు లేదు. చేతులు దాదాపు పోయాయి. ఎడమకాలు ఈడుస్తోంది. మీకు తెలియనివ్వద్దని అక్కయ్య చేత ఒట్టు వేయించుకున్నది నేనే. ఆమె మీద కోపం పెట్టుకోవద్దు.

ఎందుకు దాచానో మీరొచ్చాక చెబుతాను. ఎందుకు ఇప్పుడు చెబుతున్నానో ముందు వినండి.

పోయిన నెలలో క్లబ్బులో ఆడవాళ్ల పోటీ పెట్టారు. వద్దని చందన ఎంత చెప్పినా పేరిచ్చాను. ఒక్కసారి, అందరితో పాటు, మామూలు మనిషిలా ఆడాలనిపించింది. దానికి ముందు వన్ టౌన్ వెళ్లి, ఏడో నంబరు కన్నా తేలికైంది ఇమ్మని జాకీర్ భాయ్‌ని అడిగాను. ఆయన నా చేతులకేసి చూశాడు. కొట్లో ఉన్నవన్నీ తీశాడు, ఒక్కోదాన్నీ తనే ఊపి చూశాడు, మళ్లీ పెట్టేశాడు. "ఇంతకన్నా తేలికైంది లేదమ్మా" అన్నాడు. ఎప్పుడూ మేడమ్ అనే మనిషి అమ్మా అన్నాడు. ఆయనకి అర్థమైపోయింది.

పోటీ రోజు గెడ్డ దగ్గరిదాకా ఎలాగో నెట్టుకొచ్చాను. ఏడో నంబరు తీశాను. మొదటి బంతి నీళ్లలో పడింది. రెండోదీ పడింది. వెనక ఆడవాళ్లు మర్యాదకి వేరేవైపు చూస్తున్నారు. మూడోసారి కర్ర పైకెత్తి దింపాను. బంతి కదల్లేదు. నా చేతుల్లో కర్ర లేదు. వేళ్లు ఎప్పుడు విడిపోయాయో నాకు తెలియనే లేదు. కర్ర గిరగిరా తిరుగుతూ వెళ్లి గెడ్డలో పడింది. కొత్తగా చేరిన అమ్మాయి ఎవరో చెయ్యి జారిందనుకుని పకపకా నవ్వింది. పాపం, దాని తప్పేముంది? నేనూ నవ్వాను. నవ్వుతూనే గడ్డి మీద కూలబడ్డాను. లేవబోతే లేవలేకపోయాను. చందన రెండు చంకల కింద చేతులు పెట్టి లేపింది.

ఆ సాయంత్రమే మీరు సింగపూర్ నుంచి ఫోన్ చేశారు. పోతమ్మ రిసీవరు నా చెవి దగ్గర పట్టుకుంది. మీరు ఎంత హుషారుగా ఉన్నారో! నాకోసం ఓ పెద్ద దుకాణంలో పూటంతా నిలబడి, అమ్మేవాడితో వాదించి, ఒత్తు గడ్డిలోంచి కూడా బంతిని లేపే కొత్తరకం హైబ్రిడ్ ఒకటి కొన్నానన్నారు. భవాని ఊపు మెల్లగా ఉంటుంది, మణికట్టు గట్టిది, గెడ్డ దగ్గర తొందరపడుతుంది, దానికి తగ్గది కావాలని వాడికి చెప్పానన్నారు. వాడు నవ్వి, మీ ఆవిడ ఆట మీకు బాగా తెలుసే అన్నాడన్నారు. నేను "చాలా బాగుందండీ" అన్నాను.

ఫోన్ పెట్టేశాక పోతమ్మ అడిగింది. "అయ్యగారు ఏటంతన్నారమ్మా?"

"నాకోసం ఏదో కొన్నారట."

"మరెందుకమ్మా ఏడుత్తన్నావ్?"

ఎందుకో దానికి చెప్పలేకపోయాను. మీకు చెబుతాను. మీరు అంత ప్రేమగా మాట్లాడింది నాతో కాదు. మణికట్టు గట్టిగా ఉన్న భవాని ఒకామె ఉంది, ఆమెతో. మీరు దుకాణంలో నిలబడింది ఆమె కోసం. ఆమెను చూసి నాకు అసూయ పుట్టిందండీ. నా మొగుణ్ణి ఎవరో ఎత్తుకుపోయినట్టు అనిపించింది. ఆమెను అక్కడ కూర్చోబెట్టింది కూడా నేనే. మీ దగ్గరొక్కచోట బాగున్న మనిషిగా మిగలాలనుకున్నాను. మిగిలింది ఆమె. నేను ఈ మంచం మీద ఒక్కదాన్నే ఉన్నాను.

ఈ ఉత్తరం కొలంబోలో మీ ఏజెంటుకి చేరుతుందని కంపెనీ ఆఫీసులో చెప్పారట. అక్కడి నుంచి మద్రాసుకి విమానం ఉంది. మీ బదులు ఓడెక్కడానికి రిలీవరు కోసం అడగండి. ఇవ్వకపోతే గొడవపెట్టుకుని రండి. కుర్చీ పోతుందని నాకు తెలుసు. మొన్నటిదాకా దానికోసమే మిమ్మల్ని రావద్దనుకున్నాను. ఇప్పుడు పోతే పోనివ్వండి అంటున్నాను. ఇంత స్వార్థం నాలో ఉందని నాకూ తెలియదు.

వచ్చి నాకు ధైర్యం చెప్పకండి. ఫలానా ఊళ్లో వైద్యం ఉందట, ఫలానా స్వామి చేయి వేస్తాడట అనకండి. అవన్నీ చెప్పేవాళ్లు రోజుకొకరు వస్తున్నారు. నాకు చాలా భయంగా ఉంది. రాత్రి దాహమేస్తే పిలవడానికి గొంతు ఎన్నాళ్లుంటుందో తెలియదు. మీకూ భయమేస్తుంది. వెయ్యనివ్వండి. నా పక్కన కూర్చుని భయపడండి.

మీరొస్తే నాకు తగ్గదు. అయినా రండి.

మీ భవాని