మేకప్ గదిలో నేనన్న మాట

బుల్లెమ్మా,

ఎలా ఉన్నావని అడగడానికి నాకు మొహం చెల్లడం లేదు. అయినా అడుగుతున్నాను, ఎలా ఉన్నావు? బీపీ మాత్ర మర్చిపోకుండా వేసుకుంటున్నావా? మర్చిపోకుండా అని రాశాక నా చెయ్యి ఆగిపోయింది. కొట్టేద్దామంటే కాగితం పాడవుతుందని వదిలేశాను. నువ్వేమీ అనుకోకు.

నువ్వు ట్రూపు వదిలి మీ పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళి పన్నెండు రోజులైంది. రిహార్సల్ గదికి తాళం. లైట్లు వేసే ఆయన సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుంటున్నాడు. నేను రోజూ పొద్దున వెళ్ళి నీ నాటకం చీరలు విప్పి, మళ్ళీ మడత పెట్టి వస్తున్నాను. చెదలు పడతాయేమోనని భయం. అసలు భయం అది కాదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

గ్రాంటు ఇవ్వాలా వద్దా అని చూడటానికి సాంస్కృతిక శాఖ నుంచి ఇద్దరు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మూడేళ్ళ గ్రాంటు. అది వస్తేనే మనకు హాలు, పదకొండు మందికి జీతాలు. మీ అన్నయ్య పెట్టిన ట్రూపు మన చేతుల్లో పోతుందేమోనని అన్నం కూడా సహించలేదు. కంటి ఆపరేషన్ అని చివరి వారం రిహార్సల్స్‌కి నేను రాలేదు కదా, వాళ్ళు ఏం మార్చారో ఏమోనని అదొక బెంగ.

ఆ రోజు ఎప్పటిలాగే సైడు తెర వెనక ముక్కాలి పీట మీద, మాట అందించడానికి నాటకం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నీ మొగుడి వేషగాడు పన్నెండేళ్ళ తర్వాత తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎండన పడి వచ్చావు, లోపలికి రా" అనాలి నువ్వు. అనలేదు. అతన్నే చూస్తూ నిలబడ్డావు. మాట కావాలంటే నువ్వు కొంగు సర్దుకుంటావు. ముప్ఫై ఏళ్ళుగా అది మనిద్దరికే తెలిసిన సైగ. నువ్వు సర్దుకోలేదు. కొత్త కన్నుతో శుభ్రంగా చూశాను, సర్దుకోలేదు. అయినా నా పాడు గుండె ఆగితేనా! అందించాను. కంగారులో గొంతు పెద్దదైపోయింది. రెండో వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నువ్వు ఆ మాట అన్నావు గానీ, హాల్లో అందరూ అప్పటికే వినేశారు.

ఇంతవరకూ నీకు తెలుసు. తెలియనిది ఇప్పుడు రాస్తున్నాను. నాటకం అయ్యాక మేకప్ గదిలోకి శాఖ ఆవిడ వచ్చింది, చంకలో ఫైలుతో. నువ్వు పక్క గదిలో మొహం కడుక్కుంటున్నావు.

"మధ్యలో ఆ గొంతు ఎవరిదమ్మా?" అంది నవ్వుతూ.

"నాదేనండీ. నేను లేకపోతే ఇవాళ పరువు పోయేదండీ."

"ఆవిడ అంత పెద్ద నటి, మర్చిపోతారా?"

"ఏం చెప్పమంటారు! మా ఆడపడుచుకి ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. అన్నీ నేనే చూసుకోవాలి."

"ఎన్నాళ్ళుగా?"

"ఏడాదవుతోందండీ."

ఆవిడ కుర్చీ లాగి నన్ను కూర్చోమంది. ఇంకా ఏవేవో అడిగింది. నేను చెబుతుంటే రాసుకుంది. ఎందుకు చెప్పావే అంటే, గొంతు వినబడిన తప్పు నా మీదికి వస్తుందేమోనని భయపడ్డాను. అంతకన్నా సిగ్గుమాలిన కారణం ఇంకొకటి ఉంది. ఇన్నేళ్ళలో ఒక ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి మాట్లాడించడం అదే మొదలు. మాట ఆగలేదు.

రెండు రోజులకి మన డైరెక్టరు, అదే మనం కళ్ళజోడు అని పిలిచే అబ్బాయి, నా మీద విరుచుకుపడ్డాడు. "అత్తా, అది మర్చిపోవడం కాదు! ఆవిడ కావాలనే ఆగింది! నువ్వు ఆస్పత్రిలో ఉండగా పెట్టుకున్న మౌనం అది. జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు, నవ్వించి పెట్టావు" అన్నాడు. లేని రోగం నీకు అంటగట్టానన్నమాట.

తర్వాత శాఖ వాళ్ళ ఉత్తరం వచ్చింది. ముఖ్య పాత్రధారి ఆరోగ్యం చూస్తే మూడేళ్ళ కార్యక్రమం నిలబడుతుందన్న నమ్మకం లేదట. "పక్క ట్రూపువాళ్ళే చాడీలు మోసుంటారు" అన్నాడు లైట్ల ఆయన. నువ్వు రెండు చేతుల్లో మొహం దాచుకున్నావు. నేను నీకు మంచినీళ్ళు తెచ్చిచ్చి, "ఎవరి నోరు పడిందో!" అన్నాను. అన్నాను బుల్లెమ్మా, నా నోటితోనే అన్నాను. నువ్వు గ్లాసు అందుకుని తాగావు.

రేపు శాఖ ఆఫీసుకి వెళ్తున్నాను. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటాను. జైల్లో పెడతారేమో తెలియదు. పెడితే చీరల పెట్టె తాళంచెవి గూట్లో డబ్బా కింద ఉంది.

మొహం చూపించలేని
నీ వదిన



బుల్లెమ్మా,

నీ జవాబు అందింది. రేపే వెళ్తానన్నాను గానీ, వరసగా సెలవులొచ్చి ఐదు రోజులు ఆగాల్సి వచ్చింది; అయినా ఇది అందేసరికే నేను ఆఫీసుకి వెళ్ళొచ్చేశాను. ముందు అక్కడి సంగతి విను.

బల్ల మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. శాఖ ఆవిడ నన్ను చూడగానే గుర్తుపట్టింది. "అబద్ధం చెప్పానండీ. మా ఆడపడుచుకి ఏ మతిమరుపూ లేదు. నాకే నోటి దురద" అన్నాను. ఆవిడ ఫైలు తీసి చాలాసేపు చూసింది. లోపలికి వెళ్ళి పెద్దాయనతో మాట్లాడి వచ్చింది. "మళ్ళీ ఒకసారి చూస్తాం. వచ్చే నెల మొదటి శుక్రవారం. కానీ అమ్మా, ఈసారి సైడు తెర వెనక ఎవరూ ఉండకూడదు. ఆవిడ తనంతట తనే ఆడాలి" అంది. దానికేం భాగ్యం అన్నాను. బస్సులో కూర్చుని నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనావిడ జరిగి కూర్చుంది.

ఇంటికొస్తే గుమ్మంలో నీ ఉత్తరం. నిలబడే చదివాను. తర్వాత చెప్పులు కూడా విప్పకుండా గచ్చు మీద కూలబడ్డాను.

"వదినా, ఆ మౌనం నాటకంలో లేదు" అని రాశావు. "నాకు మాట పోయింది. కొంగు సర్దుకుందామంటే చెయ్యి కూడా లేవలేదు. ఎదురుగా ఉన్నది ఎవరో కూడా ఒక్క క్షణం తెలియలేదు. కళ్ళజోడు అడిగితే, కావాలనే ఆగానని బొంకాను. వాడు అది తన ఆలోచనేనని అందరికీ చెప్పుకుంటున్నాడు, చెప్పుకోనీ. నువ్వు ఆవిడతో అన్నవన్నీ గోడ అవతల నుంచి విన్నాను. ఏడాది అన్నావు. రెండేళ్ళయింది."

విన్నావా! విని కూడా నా చేతి నీళ్ళు తాగావా? ఒక్క చెంపదెబ్బ కొట్టినా ఇంత సిగ్గు ఉండేది కాదు. "కోపం రాలేదు, ఒక్కరికైనా తెలుసు కదా అనిపించింది" అని రాశావు. నాకెక్కడ తెలుసు తల్లీ! నా గొంతు కప్పిపుచ్చుకోవడానికి నోటికొచ్చింది అన్నాను. రెండేళ్ళు నీ పక్కనే కూర్చుని, పుస్తకంలో గీతలు చూశానే గానీ నీ మొహం చూడలేదు.

ఇప్పుడు నా తెలివి చూడు. నిజాన్ని అబద్ధమని గవర్నమెంటుకి చెప్పి, నిన్ను ఒంటరిగా స్టేజీ ఎక్కిస్తానని మాటిచ్చి వచ్చాను. మళ్ళీ పరిగెత్తుకెళ్ళి దిద్దుకుందామని గొడుగు కూడా తీశాను. గుమ్మం దాకా వెళ్ళి ఆగాను. ఒకసారి నిన్ను అడక్కుండా నీ సంగతి బయటపెట్టాను. రెండోసారి కూడా అడక్కుండానే పెట్టనా?

అందుకని ఒక కాగితం రాశాను, శాఖ ఆవిడకి. ఐదో తరగతి చదువుతో ఎంత వచ్చిందో అంతే. మా ఆడపడుచుకి అప్పుడప్పుడు మాట జారుతుంది, మిగతా ఆట ఆవిడలా ఆడేవాళ్ళు లేరు, ఆ నాటకంలో పక్కింటి ముసలిదానిలా నేను స్టేజీ మీదే చొక్కా గుండీలు కుట్టుకుంటూ కూర్చుంటాను, మాట జారితే అందరూ చూస్తుండగానే అందిస్తాను, చాటుగా కాదు, ఇలా ఒప్పుకుంటేనే రండి అని రాశాను. జనం ముందు కూర్చోవడం తలుచుకుంటేనే నాకు చెమటలు పడుతున్నాయి. సూది జారి కింద పడితే? దగ్గొస్తే? రానీ. గ్రాంటు ఇవ్వకపోతే ఇవ్వరు, నలుగురం కలిసి ఏదో ఒకటి చూసుకుంటాం.

కాగితం ఇందులోనే మడిచి పెట్టాను. నా సంతకం పెట్టేశాను, కింద నీకు చోటు వదిలాను. ఇష్టమైతే సంతకం పెట్టి పంపు, పట్టుకెళ్తాను. లేకపోతే చింపెయ్యి, శుక్రవారం నాటకం లేదని వాళ్ళకి చెప్పొస్తాను, ఎందుకని అడిగితే నాకు కాళ్ళనొప్పులంటాను. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి, నీకు కష్టమైతే పెద్దమ్మాయి చేత చదివించుకో. వద్దు, వద్దు. మెల్లిగా అయినా నువ్వే చదువుకో.

నీ వదిన