బువ్వయాళ్ల వాన

మరిది రాకేష్‌కు,

ఎల్లారెడ్డి నుంచి మీ వదిన రాసేది ఏందంటే, పొలం తప్ప ఇక్కడ అందరం మంచిగున్నం. ఫోన్‌ల చెప్తే అవ్వ ఇంటదని ఉత్తరం రాస్తున్న.

పొలంల వాన కొలిచే డబ్బా పెట్టి, కోడు రాసి దాన్ని క్లౌడుకు కలిపినవు. వాన పడితే మోటరు దానంతటదే ఆగుతది, కామారెడ్డిల నీకు తెలుస్తది. శానా తెలివే! గింత ఎండల మన ఒక్క మడిలనే రోజూ బువ్వయాళ్లకు వాన ఎట్ల పడుతున్నదో ఆలోచించినవా, ఇంజనీరు సారూ?

అవ్వ బువ్వ తిని ఆ డబ్బాలనే చెయ్యి కడుగుతున్నది. మోటరు ఆగి పొలం నెర్రెలు బాసింది. వద్దంటే, "వాన పడ్డదని తెలిస్తేనే గద నా కొడుకు ఫోన్ చేసేది" అన్నది.

కోడు తర్వాత దిద్దుకో. వాన లేకున్నా రేపు అవ్వకు ఫోన్ చెయ్యి, మోటరు నడుస్తది.

మీ వదిన