నన్ను అనోజీ వాకిట్లో పాతిపెట్టాలి

ఉముడిమ్ గ్రామవాసిని, చర్చిలో ముప్పై ఎనిమిదేళ్ళుగా వాక్యం చెబుతున్నవాణ్ణి, డెబ్బై ఒక్క ఏళ్ళ యెహెజ్కేలు ఒజియోమా అనే నేను, కాళ్ళకు నీరు పట్టింది గానీ బుద్ధికి ఏమీ పట్టలేదని డాక్టరు చేత రాయించుకుని, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు.

1. ఇల్లు, కర్రపెండలం చేను, పెండలం గాదె నా కొడుకు ఒబిడికేకి దఖలు. షరతు ఆరో అంశంలో ఉంది. అది చదవకుండా తాళాలు తీసుకోకు నాయనా.

2. సైకిలు, సువార్త గంట, పెద్ద బైబిలు నా కూతురు ఉకమాకకు. గంట గట్టిగా కొట్టు తల్లీ, నిద్రపోతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

3. మా వంశపెద్ద, పెదనాన్న కొడుకు ఇగ్బోఅనుగోకి నా చేతుల కుర్చీ. ఓసులు సభకు వస్తే వాళ్ళకు నేల చూపించే మనిషి. వాళ్ళ ముత్తాతల్ని ఎప్పుడో ఏదో దేవతకు అర్పించారట, అందుకని నేటికీ మావాళ్ళు వాళ్ళకు పిల్లనివ్వరు, పక్కన పాతిపెట్టరు. చట్టం ఎప్పుడో కొట్టేసింది, మా నోళ్ళే కొట్టెయ్యలేదు. ఆ కుర్చీలో కూర్చుని, మనుషుల్లో ఎక్కువ తక్కువలు చూడటం పాపమనే యాకోబు పత్రిక రెండో అధ్యాయం రోజూ చదవాలి. కళ్ళు కనబడవంటాడు. మనవరాలు చదివి వినిపించును గాక.

4. ఓసువాడైన అనోజీకి ఒక మేక. గోధుమ రంగు, ఒక చెవి తెలుపు. మూడు సంతలు తిరిగి దొరకబుచ్చుకున్నాను. కారణం రాయక తప్పదు.

పెళ్ళికి ముందు అవతలివాళ్ళ వంశం రహస్యంగా ఆరా తీయడం మా ఆచారం. తొమ్మిదేళ్ళ క్రితం అనోజీ కొడుకు చిదుబెమ్ ఉకమాకను అడిగితే, వాళ్ళ ఊరికి ఆరాకు నేనే వెళ్ళాను. మేక తప్పిపోయిందని అబద్ధమాడాను. "ఏ రంగు అన్నా?" అన్నాడు అనోజీ. నోటికొచ్చిన రంగు చెప్పాను. ఆ మనిషి చేతిలో పని వదిలేసి, లేని మేక కోసం పొద్దుగూకేదాకా నాతో పొదలు గాలించాడు. అతిథి మర్యాదగా కోలాకాయ విరిచి చేతిలో పెట్టాడు. కల్లు పాకలో ఒక ముసలాయన వీళ్ళు ఓసులని చెప్పగానే, ఆ కాయ ముక్కను జేబులోంచి తీసి తుప్పల్లోకి విసిరాను. ఇంటికొచ్చి సంబంధం తెంచాను. ఆ ఆదివారమే తప్పిపోయిన గొర్రె గురించి గంటన్నర బోధించాను. ఓ వేషధారీ! ఆమెన్ అని అరిచినవాళ్ళే నాకు సాక్షులు.

5. ఉకమాక బట్టలు కుడుతూ, చిదుబెమ్ తలుపులు చేస్తూ, ఇద్దరూ ఇంకెవరినీ చేసుకోలేదు. పోయిన మంగళవారం చిదుబెమ్ తెచ్చిన కల్లు తాగాను. తండ్రి తాగితే పిల్లనిచ్చినట్టే. "నువ్వు తాగితే సరా? ఆ పెళ్ళికి మనవాడొక్కడు గడప తొక్కితే చెవి కోయించుకుంటా. పిల్ల మాకు చచ్చినట్టే" అన్నాడు ఇగ్బోఅనుగో.

6. అయితే వినండి. ఓసుల నేలలో పడుకున్నవాడు ఓసు, వాడి పిల్లలూ ఓసులే అన్నది మీ ఆచారమే. నన్ను అనోజీ వాకిట్లో పాతిపెట్టాలి. అత్త సమాధి ఎక్కడో తన సమాధీ అక్కడే అంది బైబిల్లో రూతు. నేను ఆమె కంటే గొప్పవాణ్ణా? అనోజీని అడిగితే, "రా అన్నా, చోటుంది. ఈసారి మాత్రం మేకను వెతకమనకు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"నాన్నా, రేపు నా కూతుళ్ళనెవడు చేసుకుంటాడు?" అన్నాడు ఒబిడికే. నాయనా, ఆ భయంతోనే నా కూతుర్ని తొమ్మిదేళ్ళు బలిపీఠం మీద కూర్చోబెట్టాను. బిడ్డను బలివ్వమని అబ్రాహాముకైనా దేవుడు చెప్పాడు, నాకు ఎవరూ చెప్పలేదు. నా పెట్టెను ముందువైపు నువ్వే మోయాలి. మోయకపోతే ఒకటో అంశంలోని ఆస్తి మొత్తం ఉకమాకకే చెందుతుంది.

7. అమలు బాధ్యత బడి పంతులమ్మ ఇఫెయిన్వాది. నన్ను పూడ్చిన వారంలోపే పెళ్ళి జరిపించాలి, దుఃఖదినాలు అక్కర్లేదు. ఇకపై మా వంశం గురించి ఆరాకు ఎవరొచ్చినా ఇగ్బోఅనుగో గొంతు తగ్గించకుండా చెప్పాలి: "ఒజియోమా పిల్లలా? వాళ్ళు ఓసులు. నేను వాళ్ళ పెదనాన్నని."

2009 ఆగస్టు 14, శుక్రవారం
(సంతకం) యెహెజ్కేలు ఒజియోమా

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
న్వాకేగో, నర్సు
ఒన్యెకాచి, చర్చి గంట కొట్టే మనిషి