కదలని ముల్లు

నాయుడుపేట,
మే నెల రెండో ఆదివారం.

పూజ్యురాలైన అత్తమ్మకు మీ కోడలు పల్లవి నమస్కరించి రాసేది.

ఇక్కడ నేనూ చిన్నోడూ బాగున్నాం. అక్కడ మీరూ మామయ్యా బాగున్నారని, మామయ్య మోకాలి నొప్పి మాత్రలు చొక్కా జేబులో కాకుండా కడుపులోనే పడుతున్నాయని నమ్ముతున్నాను.

మీ ఉత్తరం బుధవారం అందింది. ఫోనులుండగా అత్తాకోడళ్ళు ఉత్తరాలు రాసుకోవడమేమిటని మా ఇంటి ఓనరు నిర్మలమ్మగారు నవ్వుతూ ఉంటారు. మీ అబ్బాయి కబురు ఫోనులోనే వచ్చింది కాబట్టి మీరు ఇక దాన్ని చెవి దగ్గర పెట్టుకోవడం లేదని నేను ఆమెకు చెప్పలేదు. నాకైతే ఇదే నయం. ఫోనులో అయితే తిన్నావా అంటే తిన్నాను అనుకుని ఇద్దరం పెట్టేస్తాం. ఈరోజు చెప్పాల్సినవి అంతలో తెమిలేవి కావు.

అడిగిన వాటికి జవాబులు. చిన్నోడికి దగ్గు తగ్గింది. మీరు చెప్పినట్టే వామాకు వేడిచేసి, రసం పిండి, రెండు చుక్కలు నాకించాను. నా సాంబారు నోట్లో పెట్టుకున్నప్పుడు మీరు పెట్టే మొహమే పెట్టాడు. కింద రెండు పళ్ళు వచ్చాయి. పాకుతున్నాడు గానీ ముందుకు కాదు, వెనక్కి. బొమ్మ కోసం బయల్దేరి మంచం కిందికి పోయి, అక్కడినుంచి మనల్ని తిడతాడు. నేను ప్లాంటుకు పోయినప్పుడు నిర్మలమ్మగారు చూసుకుంటారు. మీరు పంపిన మామిడికాయ ఊరగాయలో సగం ఆమెకే ఇచ్చాను, కోప్పడకండి.

మిగతా మూడు మాటలు మీరు ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో రాశారు. విచారణ అయిపోయిందా, వాడు చాలాసేపు కష్టపడ్డాడా, గడ్డం వల్లనే కదా అని. చివరిది అడిగినట్టు లేదు. మీరే తీర్పు చెప్పేసుకున్నట్టు ఉంది.

గడ్డం వల్ల కాదు అత్తమ్మా. ఈ ఒక్క మాట ముందు చదవండి. కళ్ళు తుడుచుకుని, కాసిని మంచినీళ్ళు తాగి, అప్పుడు కిందికి రండి.

పోయిన ఆగస్టులో వాళ్ళు మనకు చెప్పింది మీకూ గుర్తుంది. మునిగిన ఓడ నూటయాభై అడుగుల లోతున ఉంది. మీ అబ్బాయి దాని ఇంజను గదిలోకి దిగాక తుప్పు రేకు ఒకటి విరిగి, పడవ మీదినుంచి వచ్చే గాలి పైపు మీద పడి నొక్కేసింది. అలాంటప్పటి కోసమే నీళ్ళలోకి దిగే మనిషి వీపున చిన్న సిలిండరు ఒకటి ఉంటుంది. వాల్వు తిప్పితే గాలి వస్తుంది. పైకి తీశాక చూస్తే దాని గేజి ముల్లు నిండుగా ఉన్నట్టు రెండు వందల దగ్గర ఉంది. మాస్కు మాత్రం మొహం మీద లేదు. గాలి ఉండి కూడా పోయాడంటే, గడ్డం వల్ల మాస్కు మొహానికి అతుక్కోక నీళ్ళు దూరి ఉంటాయని, కంగారుపడి ఉంటాడని కంపెనీ వాళ్ళు రాసిచ్చారు.

ఆ మాట విన్నప్పటినుంచి మీరు తిరుపతి కొండ పేరెత్తితే లేచి పెరట్లోకి పోతున్నారని మామయ్య చెప్పారు. ఇంటి కోడలు కడుపుతో ఉంటే మగవాడు గడ్డం తీయకపోవడం మన ఇళ్ళలో ఉన్నదే. నాకు రెండు కడుపులు పోయాక, ఈసారి కాన్పయ్యేదాకా కత్తి తగలనివ్వనని, తరవాత కొండమీద ఇస్తానని మీరు ఆయన చేత మొక్కించారు. నా కోసం మొక్కించారు. ఆ మొక్కే కొడుకును తీసిందనుకుంటూ తొమ్మిది నెలలు ఎలా అన్నం తిన్నారో నాకు తెలియదు.

మార్చిలో విచారణాధికారి దొరస్వామిగారు నన్ను రేవుకు రమ్మన్నారు. భార్యగా సామాను గుర్తుపట్టి సంతకం పెట్టాలట. మీ అబ్బాయి చెప్పులు, గడియారం గుర్తుపట్టాను. తరవాత, పైకి తీసిన రోజు వాల్వు బిగించి వేసిన సీలు విప్పి, ఆ చిన్న సిలిండరు బల్ల మీద పెట్టారు. ముల్లు ఇంకా రెండు వందల మీదే ఉంది. నేను రోజూ ఆక్సిజన్ ప్లాంటులో చేసే పని గేజిలు చూడడమే కదా. ముల్లును చూసేముందు గోటితో అద్దాన్ని రెండుసార్లు కొడతాం. మంచి గేజి అయితే ముల్లు కొంచెం వణుకుతుంది. ఏమీ ఆలోచించకుండానే చెయ్యి అలవాటుగా పోయింది. కొట్టాను. ముల్లు కదల్లేదు.

"సార్, ఒక్కసారి వాల్వు తిప్పుతారా?" అన్నాను.

"ఎందుకమ్మా, నిండుగా ఉండాదే. గట్టిగా కొడుతుంది గాలి" అన్నారాయన.

"కొట్టనీండి సార్."

పూర్తిగా తిప్పారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. దొరస్వామిగారు వంగి చెవి దగ్గర పెట్టి చూశారు. మళ్ళీ ముల్లు వైపు చూశారు. ఖాళీ సిలిండరు మీద నిండుగా చూపిస్తున్న ముల్లు అది. ఆయన కుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు తీసి, "తల్లీ, ఇన్నాళ్ళూ దీన్ని ఎవరూ తిప్పలేదు" అన్నారు.

సీలు వేసి ఉంచిన ఇన్నాళ్ళలో గాలి కారిపోయిందేమో అని కంపెనీ లాయరు అడిగాడు. కారిపోతే ముల్లు కూడా దిగాలి కదా అన్నాను. నా గొంతు కొంచెం లేచింది, అది ఒప్పుకుంటాను. గేజిని ల్యాబుకు పంపించారు. లోపల పళ్ళ చక్రం ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉందని పోయిన వారం రిపోర్టు వచ్చింది. ఇక ఏర్పేడు సుకుమార్, ఆయనతో పాటు దిగే అబ్బాయి, జూలైలో సాధన చేసేటప్పుడు ఆ సిలిండరులో గాలంతా వాడేశామని సాక్ష్యం చెప్పాడు. పడవ మీదివాళ్ళు మళ్ళీ నింపారనే అనుకున్నారట, వాళ్ళు నింపలేదు. ముల్లు నిండుగా చూపిస్తుంటే నింపే పనేముందని ఎవరికి వారు అనుకున్నారు. రోజూ చూశారు. ఒక్కరూ తిప్పలేదు. ఊపిరి అందని మనిషి ముందు చేసే పని మాస్కు లాగేయడమేనని డాక్టరు రాశారు. మంగళవారం విచారణ ముగిసింది.

చాలాసేపు కష్టపడ్డాడా అని అడిగారు. మీకు అబద్ధం రాయను. కష్టపడ్డాడు. కానీ చాలాసేపు కాదు, రెండు మూడు నిమిషాలకు మించి తెలివి ఉండదని డాక్టరు చెప్పారు. నేను ఆయన్ను విడిగా అడిగి తెలుసుకున్న మాట అది.

ఇంకొకటి ఉంది. మంగళవారం బయట టీ కొట్టు దగ్గర సుకుమార్ నాతో చెప్పాడు. ఆరోజు పొద్దున పడవలో ఆయన సుకుమార్ బ్లేడు అడిగి తీసుకున్నాడట. మాస్కు రబ్బరు ఆనే చోటు వరకే, చెంపల పక్కన, గడ్డం కింద, వేలెడు వెడల్పున గీసుకున్నాడట. మూతి మీదా చుబుకం మీదా ఉన్నది ముట్టుకోలేదు. అది మాస్కు లోపలే ఉంటుంది, అడ్డం రాదు.

"మా ఇంట్లో ఇద్దరు ఆడోళ్ళకీ సెప్పొద్దురా. కొండాయనకు నేను సెప్పుకుంటాలే" అని నవ్వినాడంట.

మొక్కు చెడగొట్టుకున్నాడని మీరు ఇప్పుడు కొత్త బరువు ఎత్తుకోవద్దు, మీకు దండం పెడతాను. పోయింది ఉప్పు పట్టిన ముల్లు వల్ల, దాన్ని నమ్మిన మనుషుల వల్ల. దేవుడికి ఇందులో పని లేదు. మీ అబ్బాయి మీ మాటా నిలబెట్టాడు, పనీ సరిగ్గా చేసుకున్నాడు. అది విని నేను ఆ టీ కొట్టు బల్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆ ఏడుపులో సంతోషం కూడా ఉంది. ఆయన్ను చేసుకున్నందుకు.

ఏడవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంత రాసి, దాన్ని రాయలేక రెండుసార్లు లేచి చిన్నోడి గుడ్డలు మడతపెట్టి వచ్చాను.

జూలై నెలాఖరున మీరు వంటింట్లో వేరుశనక్కాయలు ఒలుస్తూ నాతో ఒక మాట అన్నారు. "వాడు సముద్రంలో పనిచేసేవోడు. గడ్డం అడ్డమైతే తీసేయమని సెప్పు పల్లవీ. మొక్కు ఇంకోలా తీర్సుకుందాం, స్వామి ఏమనుకోడు" అన్నారు. ఆ సాయంత్రం ఆయన ఫోను చేశాడు. నేను చెప్పలేదు. మరుసటి రోజూ చెప్పలేదు. రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని, ఏడో నెల, భయం. గడ్డం ఉంటే బిడ్డ ఉంటుందని నా పిచ్చి. మీ మాట నా దగ్గరే ఉండిపోయింది.

సెప్టెంబరులో మనల్ని తిరుపతి ఆఫీసుకు పిలిచినప్పుడు, గడ్డం ఉంచమని బలవంతం చేసిందెవరని దొరస్వామిగారు అడిగారు. నేను నోరు తెరిచేలోగా మీరు లేచి నిలబడి, "నేనే సామీ. నా మాట కాదనలేక ఉంచుకున్నాడు నా బిడ్డ" అన్నారు. నేను మీ పక్కనే కూర్చున్నాను. తల దించుకున్నాను. మీరు తీసేయమన్నారని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చెప్పినావా లేదా అని మీరు ఇప్పటిదాకా నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మరిచిపోయారో, తెలిసే ఊరుకున్నారో నాకు తెలియదు. నాకు కాన్పయిన రోజు చిన్నోడిని ముందు ఎత్తుకున్నది మీరు. "మొగబిడ్డమ్మా, బాగుండాడు, నువ్వు పండుకో" అన్నారు. తరవాత వరండా చివర కుళాయి దగ్గర నిలబడి ఏడ్చారని నర్సు చెప్పింది. మూడు నెలలు నాకు మిరియాల చారు కాచి పోశారు, తల దువ్వారు. చంటిబిడ్డ తల్లికి ఉద్యోగమేమిటని ఊరంతా అంటే, "దాని పని దానికి తెలుసు, పోనీండి" అని నన్ను బస్సెక్కించారు. మీరు ఆ బస్సెక్కించకపోతే మార్చిలో ఆ గేజిని ఎవరూ గోటితో కొట్టేవాళ్ళు కాదు. మా అమ్మ నన్ను కన్నది. మీరు నన్ను నిలబెట్టారు. ఈ మాట మీ ఎదుట చెప్తే "పోవే" అని లేచిపోతారు, అందుకే రాసేస్తున్నాను.

మంగళవారం చివర్లో దొరస్వామిగారు పాత వాంగ్మూలం చదివి వినిపించారు. "తల్లి బలవంతం మీద గడ్డం ఉంచుకున్నాడు" అని ఉంది అందులో. ఇప్పుడు దానితో పని లేదమ్మా, వదిలేద్దాం అన్నారు. నేను వదల్లేదు. నా మాట కూడా రాసుకోమన్నాను. ఆయన రాసి చదివారు. "తీసేయమని తల్లి చెప్పింది. ఆ మాట భర్తకు అందజేయనిది నేను." కింద సంతకం పెట్టాను. దాని నకలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మామయ్యకు కూడా చూపించండి.

మీకు నా మీద కోపం రావాలి. రానివ్వండి, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనివ్వండి. కానీ ఇరవై నాలుగో తేదీ పొద్దున ఎనిమిదికి తిరుపతి బస్టాండుకు కోపంతోనే రండి. చిన్నోడికి కొండమీద పుట్టు వెంట్రుకలు తీయిస్తున్నాను. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టడం ఆనవాయితీ అని మా అన్న ధనశేఖర్ తయారవుతుంటే వద్దని చెప్పేశాను. వాళ్ళ అవ్వ ఒళ్ళోనే కూర్చుంటాడు. మీరు రాకపోతే వాడి తలకు కత్తి తగలనివ్వను.

ఇట్లు
మీ మాట మీకు తిరిగి అప్పజెప్పిన మీ కోడలు,
పల్లవి