కుండీలోకి తిరిగి రానన్న రబ్బరు చెట్టు

పెద్ద ఆఫీసరు గారి సముఖానికి,

అయ్యా,

విషయం: మా ఇంటి ముందున్న రబ్బరు చెట్టును సోమవారం లోగా తమ ఆఫీసు వరండాలోని కుండీలో తిరిగి పెట్టవలెననియు, లేనిచో తమ మనుషులే వచ్చి కుండీకి సరిపడా నరికి పట్టుకుపోదురనియు ఇచ్చిన నోటీసును వెనక్కి తీసుకోమని కోరుట.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు చెట్టు ఒకప్పుడు తమ వరండాలో మెట్ల పక్కన కుండీలో ఉండిన మాట వాస్తవము. అప్పుడది నా నడుమెత్తు. తమ సిబ్బంది తాగగా మిగిలిన టీ అంతా దాని నోట్లోనే పోసేవారు. తనిఖీ వస్తుందంటే చాలు, ఆకులు తళతళలాడాలని తమ బంట్రోతు తలనూనె పట్టించేవాడు, పాపిడి తియ్యడం ఒక్కటే తక్కువ. పాపం ఆకులకు ఊపిరాడక ఒక్కొక్కటే రాలిపోయాయి. తనిఖీకి వచ్చిన దొరగారు "ఏమిటయ్యా ఈ కట్టె?" అన్నారట. ఆ సాయంత్రమే మొక్కను చెత్తలో పారేశారు. కుండీని మాత్రం భద్రంగా దాచుకున్నారు. తమ ఆఫీసులో దేనికి విలువో అప్పుడే తెలిసింది.

2. నేను దాన్ని చెత్తలోంచి ఏరుకొచ్చి గుమ్మం ముందు పాతాను. మా ఆవిడ చూసి, "ఇంట్లో ఉన్న మోడు చాలదని ఇంకోటి తెచ్చారా?" అంది. మొదటి మోడు ఎవరో తమరు గ్రహించవలెను. ఎడతెగని వానలు పడే అడవుల్లో ఆకాశాన్ని వెతుక్కుంటూ పెరిగే జాతట ఇది, మా మనవరాలు పుస్తకంలో చదివి చెప్పింది. అలాంటిదాన్ని సోకు కోసం కుండీలో పెంచడమంటే ఏనుగును తెచ్చి మంచం కింద కట్టెయ్యడమే. కాళ్లు చాపుకునే చోటు దొరికేసరికి అది ఎదురింటి మేడను దాటిపోయింది. ఏ కాలంలో చూసినా పచ్చగానే ఉంటుంది.

3. మొన్న తమ సామాన్ల గుమాస్తా నోటీసు పట్టుకొచ్చాడు.

"తాతా, ఆడిట్లో కుండీ ఉంది, మొక్క లేదు. మొక్కేమో మీ దగ్గరుంది. నన్నేం చెయ్యమంటారు?"

"చేసేదేముంది నాయనా, ఒక చేత్తో దీన్ని పీకు, రెండో చేత్తో కుండీ పట్టుకో" అన్నాను.

అతను తల వెనక్కి వంచి, వంచి, చివరికి కళ్లజోడు కింద పడేసుకున్నాడు. "కొంచెం పొట్టి చెయ్యడానికి వీల్లేదా తాతా?"

మా ఆవిడ కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే, "నీ ప్యాంటులాగా మడిచి కుట్టమంటావా బాబూ?" అంది.

పొట్టి చెయ్యాలన్న ఆలోచన అతనిదా, తమరిదా తెలియపరచవలెను. తమరిదే అయితే ఆశ్చర్యపోను.

4. ఇందులో మాత్రం వేళాకోళం లేదు. మాది రేకుల ఇల్లు. మా ఆవిడ మిషను ఆ చెట్టు నీడలోనే నడుస్తుంది. చెట్టు లేనప్పుడు ఎండాకాలం రేకుల కింద కూర్చుని కుడుతూ కళ్లు తిరిగి మిషను మీదే పడింది. సూది వేలిలోకి దిగిపోయింది. మళ్లీ ఆ వేడిలో కూర్చోబెడితే మనిషి దక్కదని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. మిషను మానమంటే ఆవిడ వినదు. కాబట్టి చెట్టు ఉండాలి.

5. కావున తమ కుండీకి ఈ చెట్టుదే ఒక కొమ్మను అంటు కట్టి ఇవ్వగలవాడను. ఆడిటు వారికి మొక్క కనిపిస్తే చాలు, దాని వయసు అడగరు. దయచేసి టీ పొయ్యొద్దు, నూనె రాయొద్దు. అంత సరదాగా ఉంటే ఆ నూనె తమ బంట్రోతు తలకే రాయించగలరు.

పై సంగతులన్నీ ఒక్కసారి కుర్చీ దిగి వచ్చి, చెట్టు కింద నిలబడి చిత్తగించవలెను.

చెట్టు సంగతిలో తప్ప అన్నిటా
తమ విధేయుడు,
మిషనావిడ మొగుడు

తా.క.: ఈ అర్జీ చదివి వినిపిస్తే మా ఆవిడ "ఇంత బతిమాలడం దేనికి?" అని విసుక్కుంది. సోమవారం పొద్దున్నే మిషను చెట్టు మొదటికి ఆనించుకుని కూర్చుంటుందట. రంపం తెచ్చేవాళ్లు ముందు ఆవిడను అక్కడినుంచి లేపాలి. పెళ్లయిన నాటినుంచీ ఆ పని నా వల్ల కాలేదు. తమరు ఎంతమందిని పంపుతున్నారు?